చదును

ఇరవై ఆరడుగుల రేకు డబ్బా మా ఇల్లు.
చక్రాలున్నాయి గాని వాటి సంగతి మరిచిపోయాం,
మే నెల బురద ఇరుసు దాకా మింగి
ఇక కక్కనంది.
వెనక అద్దం మీద పాత యజమాని అంటించిన
ఫ్లోరిడా కొబ్బరిచెట్టు
సుపీరియర్ సరస్సు గాలికి ఒక అంచు ఊడి
రాత్రంతా టపటపలాడుతుంది.

ఇల్లు కట్టి చూడమంటారు.
కట్టడం తర్వాతి మాట,
ముందు ఇల్లు పట్టేంత ఆకాశం కావాలి మాకు.
ఇక్కడ ఉన్నదంతా మేపుల్, బిర్చ్, బాల్సమ్,
ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూసే గుంపు.

అర్వో పొద్దున్నే కాఫీ కప్పు పక్కన
రంపం గొలుసు పరుచుకుంటాడు.
ఒక్కో పంటికీ మూడు రుద్దులు, లెక్క తప్పడు.
అదే బల్ల మీద నేను రొట్టె కోస్తాను,
అదే బల్లని రాత్రికి దించి మంచం చేస్తాం.
దుప్పట్లో ఇనప రజను గుచ్చుకుంటే
ఇద్దరం మాట్లాడం.

కోపం వస్తే పోవడానికి ఇంకో గది లేదు.
నేను బాత్రూంలో దూరి
మూత మీద కూర్చుంటాను.
అతను బయటికి పోయి ఒక చెట్టు కొడతాడు.
జూలైలో బాగా పోట్లాడుకున్నాం,
పావెకరం తేరింది.

చెట్టు కొట్టడం పని కాదు,
కొట్టాక మిగిలేదే పని.
కొమ్మలు లాగాలి, కుప్ప వేయాలి,
కాల్చడానికి గాలి లేని రోజూ
గాలి లేని రోజుకి అనుమతి కాగితమూ దొరకాలి.
ఆపైన మొద్దులు.
మొద్దు అని ఊరికే అనలేదు,
ఎంత చెప్పినా వినదు.
గొలుసు వేసి ట్రక్కుతో లాగితే
ట్రక్కే ముంగాళ్లెత్తి సకిలించింది.

ఆగస్టు ఆఖర్న
బాల్సమ్ గుబుర్ల వెనక తవ్వుతుంటే
గునపం ఠంగుమంది.
రాయి.
పక్కన ఇంకో రాయి, దాని పక్కన ఇంకోటి.
రాళ్లు వాటంతటవి వరసలో కూర్చోవు.
మూల తిరిగి నాలుగు వైపులా,
ఒక మూల మట్టి మాత్రం నల్లగా, మసి.
అక్కణ్ణుంచి పదడుగుల్లో
నీడలో పూయడం మానేసిన లైలాక్ పొద,
కోసేవాళ్లు లేక చిక్కిపోయిన రూబార్బ్ కాడలు.

అడవి అనుకున్నాం ఇన్నాళ్లూ.
ఎవరిదో పెరడు.

మసి పక్కనే మేం పడగొట్టిన మేపుల్.
అర్వో మోకాళ్ల మీద కూర్చుని
గోటితో వలయాలు లెక్కపెట్టాడు.
అరవై దగ్గర తుమ్మొచ్చి
మళ్లీ మొదట్నుంచి.
డెబ్బై ఒకటి.

కింది రోడ్డు హిల్యా గారిని అడిగితే
వాళ్లా, అంది, ముందు సౌనా కట్టుకున్నారు,
మా వాళ్లందరి పద్ధతీ అదేగా,
ఆ ఆవిరి గుడిసెలోనే కాపురం,
చెట్లన్నీ కొట్టాక ఇల్లు.
మరి ఇల్లేది?
ఆమె బిస్కెట్టు కాఫీలో ముంచి
అది విరిగి పడిపోయేదాకా చూసింది.
వాళ్లమ్మాయి బళ్లో నా పక్కనే, అంది.
ఒక సోమవారం రాలేదు.
పేరు నాలిక చివరే ఉంది...
జడలు మాత్రం ఎప్పుడూ పొగ వాసన.

తిరిగొస్తూ ట్రక్కులో
నా చొక్కా చెయ్యి వాసన చూసుకున్నాను.
అర్వో కూడా చూసుకున్నాడు,
నేను గమనించలేదనుకుని.

మర్నాడు ఇంటి ప్లానులో లేని చోటికెళ్లి
మూడు బాల్సమ్‌లు కొట్టాడు.
అవెందుకు, అక్కడ మనకేం పని, అని అరిచాను.
రంపం చప్పుడు.
లైలాక్ మీద ఎండ పడింది, పల్చగా,
సెప్టెంబరు ఎండకి అంతకన్నా చేతకాదు.

ప్రొపేను నింపించాలి.
నీళ్ల గొట్టానికి గుడ్డ చుట్టాలి.
మంచు వచ్చేలోపు ఇంకా పదకొండు మొద్దులు,
ఆ రాళ్ల వరస ఎటు పోనివ్వాలో
ఇంకా తేల్చుకోలేదు.
ఈ పోట్లాటకి ఎంత నేల తేరుతుందో.